అడగని సొమ్ము ఎవరి సొమ్ము?

విద్యుత్తు సహకార సంఘాల్లో సభ్యుల బాకీ: చట్టాలు ఎవరి పక్షం?

మొన్న ఒక ఊళ్లో కూలీ సంఘం సమావేశం ముగిసి జనం లేచిపోతున్న వేళ ఒక అవ్వ మా దగ్గరికి వచ్చింది. కొంగు ముడి విప్పి, మడతల దగ్గర చిరిగిన ఒక రశీదు మా చేతిలో పెట్టింది. ఎప్పుడో కరెంటు పెట్టించుకున్ననాడు ఆమె పెనిమిటి కట్టిన డిపాజిట్టు కాగితం అది. పెనిమిటి పోయి పన్నెండేళ్లయింది. కొడుకు భివండిలో మగ్గాల మీద పనిచేస్తున్నాడు. పాత ఇల్లు కూలిపోతే కనెక్షను తీసేశారు. "గీ కాయిదం మీద పైసలు నాకొస్తయా బిడ్డా, లేకుంటె మట్టిల కలిసినట్టేనా?" అని అడిగింది.

మేము ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకు పోయాము. అక్కడి గుమాస్తా చెడ్డవాడేమీ కాదు. ఉన్న పుస్తకాలు తిరగేశాడు. పాత లెడ్జరు దొరకలేదన్నాడు. చివరికి, "ఇన్నేళ్లు ఎవరూ వచ్చి అడగలేదు గదన్నా, అందుకే అట్లనే ఉండిపోయింది" అన్నాడు.

ఎవరూ అడగలేదట! బాకీ ఉన్నది ఆఫీసు. బాకీ రావలసింది చదువురాని ఒక కూలీ కుటుంబానికి. కాని తప్పు మాత్రం అడగనివాళ్లదైంది. కరెంటు బిల్లు ఒక్క నెల ఆలస్యమైతే ఇల్లు వెతుక్కుంటూ వచ్చి తీగ కోసే ఆఫీసుకు, తాను ఇవ్వవలసిన సొమ్ము దగ్గర మాత్రం ఆ ఇల్లు ఎక్కడుందో తెలియదు.

ఆ అవ్వ సొమ్ము కొన్ని వందల రూపాయలే. అయితే ఇది ఒక్క అవ్వ సంగతి కాదు, ఒక్క ఆఫీసు సంగతి కూడా కాదు. వేలమంది దగ్గర చిన్న చిన్న మొత్తాలు పోగుచేసే ఏ సంస్థలోనైనా, హక్కుదారులు రాక నిలిచిపోయే సొమ్ము కొంత తేలుతుంది. దాన్ని ఎవరు దాచాలి, ఎన్నాళ్లు దాచాలి, చివరికి ఎవరికి చేరాలి అన్నది చట్టం తేల్చే విషయం. చట్టం ఎవరి చేతిలో ఉంటే తీర్పు అటువైపు మొగ్గుతుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి మేము అమెరికా గ్రామీణ విద్యుత్తు సహకార సంఘాల వ్యవహారం కొంత చదివాము. అంత దూరం ఎందుకంటే, సహకార సంఘం ద్వారా ఊరికి కరెంటు తెచ్చే పద్ధతి మన సిరిసిల్లకు వచ్చింది అక్కడినుంచే. ఆ వేరు సంగతి తెలిస్తే మన కొమ్మ సంగతి కూడా తెలుస్తుంది.

కంపెనీలు రానన్న చోట పుట్టిన సంఘాలు

1930ల మొదట్లో అమెరికా పట్టణాల్లో కరెంటు వెలుగుతుంటే పల్లెల్లో పది వ్యవసాయ కుటుంబాల్లో తొమ్మిదింటికి కిరసనాయిలు దీపమే గతి. పల్లెలో ఇళ్లు దూరదూరంగా ఉంటాయి, స్తంభాలకు ఖర్చు ఎక్కువ, లాభం తక్కువ అని ప్రైవేటు విద్యుత్తు కంపెనీలు మొగం చాటేశాయి. ఆర్థిక సంక్షోభంలో జనం అల్లాడుతున్న ఆ రోజుల్లో, 1935 మే నెలలో, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పింది. 1936లో దానికి చట్టం చేశారు. ఆ సంస్థ తక్కువ వడ్డీకి అప్పులిచ్చింది. అప్పు తీసుకోవడానికి కంపెనీలు ముందుకు రాకపోతే రైతులే సహకార సంఘాలు పెట్టుకున్నారు. తలా కొంత ప్రవేశ రుసుము కట్టి, స్తంభాలు పాతడానికి తామే కష్టం చేసి, తీగ లాగించుకున్నారు. 1950ల మధ్యకు వచ్చేసరికి అక్కడి వ్యవసాయ కుటుంబాల్లో పదింట తొమ్మిదికి కరెంటు వచ్చింది. ఈ రోజున అటువంటి సంఘాలు దాదాపు 900 ఉన్నాయి. సుమారు 4 కోట్ల 20 లక్షల మందికి కరెంటు ఇస్తున్నాయి.

ఇది చిన్న విజయం కాదు. లాభం కోసం నడిచే పెట్టుబడి చేయనన్న పనిని, జనం కూడబలుక్కుని, ప్రజల సొమ్ము అప్పు తెచ్చుకుని చేశారు. కాబట్టి ఇక్కడ మేము చెప్పబోయే లోపాలను చూసి "సహకారమంటేనే దండగ, ప్రైవేటు కంపెనీయే మేలు" అనే వాళ్ల మాటకు ఎవరూ తలూపనక్కరలేదు. ప్రైవేటు కంపెనీలో మిగులు వాటాదారుల జేబులోకి పోతుంది. కరెంటు వాడినవాడికి అందులో చిల్లిగవ్వ హక్కు లేదు. సహకార సంఘంలో హక్కు ఉంది. ఉన్న హక్కు చేతికి అందుతున్నదా లేదా అన్నదే మన ప్రశ్న.

మిగులు సభ్యుడిదే, చేతికి వచ్చేది ఎప్పుడు?

అక్కడి లెక్క ఇలా నడుస్తుంది. సంఘం కరెంటు అమ్ముతుంది. ఏడాది చివర ఖర్చులు పోగా కొంత మిగులుతుంది. లాభాపేక్ష లేని సంఘం గనుక ఆ మిగులు సభ్యులదే. ఎవరు ఎంత కరెంటు కొన్నారో ఆ దామాషాలో మిగులును పంచి ఒక్కొక్కరి పేరున రాస్తారు. దీనికి "కాపిటల్ క్రెడిట్స్" అని పేరు. మన భాషలో మూలధన జమ అనుకుందాం. ఏడాదికి 1,000 డాలర్ల కరెంటు వాడిన కుటుంబం ఉందనుకోండి. నూటికి అయిదు చొప్పున మిగిలితే ఆ ఏడాది ఆ కుటుంబం పేరున 50 డాలర్లు జమ అవుతాయి. పదేళ్లుంటే 500 డాలర్లు.

అయితే ఆ జమ పుస్తకంలోనే ఉంటుంది. చేతికి రాదు. సంఘం ఆ డబ్బుతో స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు కొంటుంది, అప్పులకు భరోసా చూపుతుంది. ఎప్పుడు తిరిగి ఇవ్వాలన్నది పాలకవర్గం ఇష్టం. ఆర్థిక పరిస్థితి బాగుందని పాలకవర్గం తీర్మానిస్తేనే పాత ఏళ్ల జమలకు చెక్కులు పోతాయి. అది పది పదిహేనేళ్లకు కావచ్చు. ఇరవై, ముప్ఫయి ఏళ్లకు కూడా కావచ్చు. ఇన్నాళ్లు వాడుకున్నందుకు సభ్యుడికి వడ్డీ ఇవ్వరు. 2000 సంవత్సరంలో రాసిన 50 డాలర్లను పాతికేళ్ల తర్వాత ఇస్తే, అంకె 50 అనే ఉంటుంది కాని దాంతో కొనగలిగే సరుకు సగానికి దగ్గరగా పడిపోయి ఉంటుంది.

సంఘానికి మూలధనం అవసరమే. ఆ మాట మేము కాదనడం లేదు. తుఫాను వచ్చి వెయ్యి స్తంభాలు పడిపోతే లేపడానికి డబ్బు కావాలి. కాని ఈ ఆలస్యంలో ఒక కిటుకు ఉంది. అడగని సొమ్ము పుట్టేది ఇక్కడే.

పాతికేళ్లలో ఒక కూలీ కుటుంబం ఎన్ని ఊళ్లు మారుతుంది? సొంత భూమి ఉన్న రైతు అదే ఇంట్లో ఉంటాడు. అతనికి పోస్టులో చెక్కు అందుతుంది, లేదంటే బిల్లులోనే తగ్గింపు వేస్తారు. కౌలుదారు, పాలేరు, అద్దె ఇంటివాడు, పని వెతుక్కుంటూ పట్నం పోయినవాడు, వాళ్ల చిరునామా సంఘం పుస్తకంలో పాతదే ఉంటుంది. చెక్కు ఆ చిరునామాకు పోయి తిరిగి వస్తుంది. అప్పుడు సంఘం రాసుకుంటుంది: "హక్కుదారు దొరకలేదు." సభ్యుడు చనిపోతే వారసులు దరఖాస్తు పెట్టుకుంటే ముందుగా ఇచ్చే ఏర్పాటు చాలా సంఘాల్లో ఉంది. కాని ముందుగా ఇస్తున్నామన్న పేరుతో కొంత కోసుకుని ఇచ్చే సంఘాలూ ఉన్నాయి. అదీ వారసులకు ఇటువంటి జమ ఒకటుందని తెలిస్తేనే. తాత నలభై ఏళ్ల కిందట వాడిన కరెంటు మీద తమకు సొమ్ము రావలసి ఉందని మనవడికి ఎవరు చెప్పాలి?

మూడు దారులు

ఇలా తిరిగి వచ్చిన సొమ్ము ఏమవుతుంది? అమెరికాలో దీనికి దేశం మొత్తానికి ఒకే చట్టం లేదు. ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క దారి. మేము చదివినంతలో వాటిని మూడుగా చెప్పవచ్చు.

మొదటి దారి రాష్ట్ర ఖజానా. ఎవరి సొమ్మయినా నిర్ణీత కాలం దాకా హక్కుదారు తీసుకోకపోతే, దాచినవాడు దాన్ని రాష్ట్రానికి అప్పగించాలి. ఆ గడువు సొమ్ము రకాన్నిబట్టి, రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. చాలాచోట్ల మూడేళ్లో అయిదేళ్లో ఉంటుంది. 1981 నాటి నమూనా చట్టం కరెంటు కనెక్షను డిపాజిట్టుకు కనెక్షను తీసేశాక ఒక్క ఏడాదే గడువు పెట్టింది. ఖజానాకు చేరాక కూడా హక్కుదారు హక్కు పోదు. ఎప్పుడు వచ్చి రుజువు చూపినా ఇస్తారు. ప్రభుత్వం దగ్గర పేరు చెప్పి వెతుక్కునే ఏర్పాటు కూడా ఉంది. ఈ మేరకు ఇది మంచిదే. అయితే అడగనివాళ్లే ఎక్కువ గనుక ఆ సొమ్ము ప్రభుత్వాలకు ఆదాయమై కూర్చుంది. డెలావేర్ అనే చిన్న రాష్ట్రానికి, ముఖ్యంగా అక్కడ రిజిస్టరయిన కంపెనీల పుణ్యమా అని, ఇటువంటి సొమ్ము ప్రధాన ఆదాయాల్లో ఒకటి. ఉత్తర కరోలినాలో ఇలా చేరిన నిధి మీద వచ్చే ఆదాయాన్ని ఆ రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పేద విద్యార్థుల సాయానికి వాడాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఒకే రకం సొమ్ము ఒకచోట బడ్జెట్టులో కలుస్తుంది, ఇంకోచోట పిల్లల చదువుకు పోతుంది. దేనికి పోవాలన్నది రాజకీయ నిర్ణయం.

రెండో దారి సంఘం చేతుల మీదుగా దానధర్మం. "మా పల్లె సొమ్ము రాజధాని ఖజానాకు ఎందుకు పోవాలి? మా పల్లెలోనే ఉండనివ్వండి" అని సంఘాలు శాసనసభల్లో వాదించి కొన్ని రాష్ట్రాల్లో చట్టం మార్పించుకున్నాయి. టెక్సాస్ చట్టం ప్రకారం లాభాపేక్ష లేని సహకార సంఘాలు ఇటువంటి సొమ్మును ఖజానాకు బదులు గ్రామీణ విద్యార్థుల వేతనాలకు, పల్లెల ఆర్థికాభివృద్ధికి, సభ్యులకు కరెంటు పొదుపు విషయంలో సాయానికి మళ్లించవచ్చు. మినెసోటా చట్టం ఇంకో అడుగు వేసింది. అక్కడ సంఘం ఆ సొమ్మును పన్ను మినహాయింపు ఉన్న ధర్మసంస్థకు ఇచ్చివేయవచ్చు. హక్కుదారుకు చివరగా తెలిసిన చిరునామాకు నోటీసు పంపి ఉంటే చాలు, అప్పటితో అతని హక్కు రద్దయిపోతుంది.

మూడో దారి, హక్కుదారు రాని జమ గడువు తీరాక సంఘానికే దఖలు పడటం. బాకీ ఉన్నవాడే బాకీని మింగేసే దారి ఇది. కొన్ని రాష్ట్రాల సహకార చట్టాల్లో దీనికీ చోటుంది. సంఘం సొమ్మయినా సభ్యులందరిదే గదా అని దీన్ని సమర్థిస్తారు. కాని వెళ్లిపోయినవాడి జమ ఉన్నవాళ్లకు కలిసిందంటే, ఊరు విడిచిన కూలీ వాటా ఊళ్లో నిలిచిన భూమిగలవాడికి చేరిందనే అర్థం.

పక్కపక్కన పెట్టి చూడండి. సభ్యుడి సొమ్ము తిరిగి ఇవ్వడానికి సంఘానికి ఇరవై ముప్ఫయి ఏళ్లు గడువు. తీసుకోవడానికి సభ్యుడికి మూడేళ్లో అయిదేళ్లో. ఆ తర్వాత హక్కు నిలుస్తుందా లేదా అన్నది అతను ఏ రాష్ట్రంలో పుట్టాడన్న అదృష్టం మీద ఆధారపడి ఉంది.

పోగొట్టుకునేది ఏ వర్గం?

అమెరికా దక్షిణ రాష్ట్రాల చరిత్ర తెలిసినవాళ్లకు ఇందులో ఇంకో సంగతి కనిపిస్తుంది. 1933 నుంచి పత్తి సాగు తగ్గించినందుకు ప్రభుత్వం సొమ్ము ఇచ్చింది. అది భూస్వాముల చేతికి పోయింది. పాలుకు చేసుకునే రైతులను, ముఖ్యంగా నల్లజాతివాళ్లను, వేల సంఖ్యలో భూమి మీదనుంచి వెళ్లగొట్టారు. దానిమీదనే 1934లో ఆర్కన్సాలోని టైరంజా ఊళ్లో నల్లవాళ్లు తెల్లవాళ్లు కలిసి దక్షిణాది కౌలురైతుల సంఘం పెట్టుకుని పోరాడారు. ఆ తర్వాత పత్తి ఏరే యంత్రాలు వచ్చాయి. ఉన్న కూలీ కూడా పోయింది. లక్షలమంది షికాగో, డెట్రాయిట్ ఫ్యాక్టరీలకు వలసపోయారు. సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే పల్లెల్లో విద్యుత్తు సంఘాలు పెరిగాయి.

అలా మిసిసిపీ పల్లెలో కొన్నాళ్లు బిల్లు కట్టి డెట్రాయిట్ పోయిన ఒక కూలీని తలచుకోండి. అతని పేరున ఉన్న జమ ఖజానాకు చేరితే ఏ రాష్ట్రం ఖజానాకు? 1965లో అమెరికా సుప్రీంకోర్టు టెక్సాస్, న్యూజెర్సీ రాష్ట్రాల వివాదంలో ఒక సూత్రం చెప్పింది. బాకీదారు పుస్తకంలో హక్కుదారు చివరి చిరునామా ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానిదే ఆ సొమ్ము దాచే హక్కు. అంటే అతను బతికే ఊళ్లో కాక, అతన్ని బతకనివ్వని ఊరి రాష్ట్రంలో అతని సొమ్ము ఉంటుంది. అక్కడ వెతకాలని అతని పిల్లలకు తోచాలి.

ఇంకా అన్యాయమైనది ఒకటుంది. మీటరు ఎవరి పేరున ఉంటే జమ వారి పేరునే రాస్తారు. పొలం యజమాని కట్టించిన కొట్టాల్లో ఉండే వలస కూలీలు కరెంటు ఖర్చును అద్దెలోనో కూలి కోతలోనో భరించినా, మీటరు యజమానిది గనుక మిగులు యజమానిదే. ఆ కూలీ పేరు సంఘం పుస్తకంలో ఏనాడూ ఎక్కదు. అడగని సొమ్ము జాబితాలో కూడా అతను ఉండడు. మన ఊళ్లలో దొర మీటరు నుంచి తీగ లాక్కుని దొర చెప్పినంత కట్టిన పాలేర్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

"విద్యార్థి వేతనాలు ఇస్తున్నారు గదా, పేదపిల్లలు చదువుకుంటున్నారు గదా, దాన్ని కూడా తప్పు పడతారా?" అని మిత్రులు మమ్మల్ని అడగవచ్చు. పిల్లల చదువుకు పోయిన డబ్బు మీద మాకు కోపం లేదు. అడిగేవాడు నిజంగా లేడని తేలిన సొమ్ము ఖజానాలో కలవడం కన్నా, ఆ పల్లె పిల్ల చదువుకు పోవడం మేలే. కాని దానం చేసేవాడు తన సొమ్ము దానం చేయాలి. పేదవాడి బాకీ ఎగ్గొట్టి, ఆ సొమ్ముతోనే సభ పెట్టి, దండలు వేయించుకుని, పేదవాడి బిడ్డకు వేతనం ఇచ్చామని ఫొటో దిగితే అది దానమెట్లా అవుతుంది? ముందు వెతకాలి. గట్టిగా వెతకాలి. పాత చిరునామాకు ఒక ఉత్తరం పంపి చేతులు దులుపుకోవడం వెతకడం కాదు. ఆ తర్వాత దేనికి వాడాలన్నది సభ్యుల మహాసభ తేల్చాలి. వాడిన తర్వాత కూడా ఎవరైనా రుజువుతో వస్తే ఇచ్చే బాధ్యత సంఘం మీద ఉండాలి.

సభ్యులు కదిలిన చోట

చట్టం తనంత తాను పేదవాడి ఇంటికి రాదు. అమెరికాలోనూ సభ్యులు నిలదీసిన చోటనే ఏమైనా మారింది. టెక్సాస్‌లో పెడెర్నాలెస్ అనే విద్యుత్తు సహకార సంఘం ఉంది. తర్వాత అధ్యక్షుడైన లిండన్ జాన్సన్ పార్లమెంటు సభ్యుడుగా ఉన్న రోజుల్లో, 1938లో, దానికి ప్రభుత్వ అప్పు ఇప్పించాడు. కరెంటు పంపిణీ సంఘాల్లో అది ఆ దేశంలోనే అతి పెద్దది. పాలకవర్గం తమకు లెక్క చెప్పడం లేదని, రావలసినవి ఇవ్వడం లేదని 2007లో సభ్యులు కోర్టుకెక్కారు. 2008లో రాజీ కుదిరింది. ఎన్నికల పద్ధతి మారింది. సమావేశాల తలుపులు సభ్యులకు తెరుచుకున్నాయి. జమలు తిరిగి చెల్లించే ఒప్పందం జరిగింది.

అన్నిచోట్లా ఇంత తేలిక కాలేదు. అలబామాలోను, మిసిసిపీలోను మిగులు తిరిగి ఇవ్వడం లేదని సభ్యులు వేసిన కేసులు, వాటిని రాష్ట్ర కోర్టులో విచారించాలా ఫెడరల్ కోర్టులో విచారించాలా అన్న తగాదాలోనే ఏళ్లు గడిపాయి. 2017లో ఒక అప్పీలు కోర్టు, 2019లో మరొక అప్పీలు కోర్టు, కేసు ఫెడరల్ కోర్టులో ఉండవచ్చునన్న మేరకు సంఘాల వాదననే ఒప్పుకున్నాయి. అసలు సొమ్ము ఇవ్వాలా వద్దా అన్నది వెనకబడింది. కోర్టు గుమ్మం దగ్గరే కాలయాపన చేయడం మనకు కొత్త కాదు.

అసలు జబ్బు ఇంకా లోతుగా ఉంది. అక్కడి చాలా సంఘాల పాలకవర్గ ఎన్నికల్లో పదిమంది సభ్యుల్లో ఒకరు కూడా ఓటు వేయరు. మహాసభకు రారు. వచ్చినవాళ్లు భోజనం చేసి పోతారు. అడిగేవాడు లేని సభలో అడగని సొమ్ము పెరగక ఏం చేస్తుంది?

ఇక మన సంగతి

మన దేశంలో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ 1969లో ఏర్పడింది. అమెరికా సహకార సంఘాల నిపుణుల సలహాతో దేశంలో మొదట అయిదుచోట్ల విద్యుత్తు సహకార సంఘాలు పెట్టారు. మన సిరిసిల్ల, కర్ణాటకలో హుక్కేరి, గుజరాత్‌లో కోడినార్, మహారాష్ట్రలో మూలా ప్రవర, ఉత్తరప్రదేశ్‌లో లక్నో. సిరిసిల్ల సంఘం 1970లో పని మొదలుపెట్టింది. జనం "సెస్" అని పిలుచుకునే ఆ సంఘం ఈనాటికీ నడుస్తున్నది. మగ్గాలకు, మోటార్లకు, ఇళ్లకు కరెంటు ఇస్తున్నది. తర్వాత కుప్పం, అనకాపల్లి, చీపురుపల్లి వంటి చోట్ల కూడా సంఘాలు వచ్చాయి. కొన్నిచోట్ల పెట్టినవి కొన్నాళ్లకు విద్యుత్తు బోర్డులో కలిసిపోయాయి. మహారాష్ట్రలోని మూలా ప్రవర సంఘానికి 2011లో లైసెన్సు పోయింది, పంపిణీ ప్రభుత్వ కంపెనీ చేతికి వెళ్లింది.

సంఘం కలిసిపోయినా మూతపడినా, ఆనాడు వాటా కట్టి సభ్యుడైన కూలీ, చేనేత కార్మికుడు, చిన్నరైతు ఏమయ్యాడు? తీగలు చేతులు మారాయి, ఆఫీసుల బోర్డులు మారాయి. వాటా రశీదు మాత్రం పెట్టె అడుగున ఉండిపోయింది. సిరిసిల్ల ప్రాంతం నుంచి భివండికి, సూరత్‌కు, గల్ఫుకు పోయినవాళ్లు ఎంతమంది! మిసిసిపీ నుంచి డెట్రాయిట్ పోయినవాడి కథే మన పద్మశాలి, మన మాదిగ, మన ముదిరాజు కుటుంబాల కథ.

మన పద్ధతి అమెరికా పద్ధతికి అచ్చు నకలు కాదు. అక్కడ వాడిన కరెంటును బట్టి జమ రాస్తారు. మన సంఘాల్లో సభ్యుడికి వాటా ధనం ఉంటుంది, కనెక్షనుకు డిపాజిట్టు ఉంటుంది. డిపాజిట్టు మాట వరకు చట్టం సూటిగా ఉంది. 2003 విద్యుత్తు చట్టం 47వ సెక్షను ప్రకారం వినియోగదారుడి భద్రతా డిపాజిట్టు మీద కనీసం బ్యాంకు రేటుకు తగ్గకుండా, విద్యుత్తు నియంత్రణ మండలి చెప్పిన ప్రకారం వడ్డీ ఇవ్వాలి. కట్టినవాడు కోరితే డిపాజిట్టు తిరిగి ఇవ్వాలి. గమనించండి: "కోరితే". వడ్డీ సంగతిలో మన చట్టం ఆ దేశపు జమల పద్ధతికన్నా మెరుగే. తిరిగి ఇచ్చే దగ్గర మాత్రం మన చట్టం కూడా అడిగేవాడి కోసమే కూర్చుంది. చనిపోయినవాడు ఎట్లా కోరతాడు? సూరత్‌లో ఉన్నవాడు ఎట్లా కోరతాడు?

బ్యాంకుల విషయంలో ఈమధ్య కొంత కదలిక వచ్చింది. పదేళ్లు ఎవరూ ముట్టని ఖాతాల సొమ్ము 2014 నుంచి రిజర్వు బ్యాంకు నడిపే నిధికి పోతున్నది. హక్కుదారు ఎప్పుడొచ్చినా బ్యాంకు ఇవ్వవలసిందే. 2023లో పేరు పెట్టి వెతుక్కునే "ఉద్గమ్" ఏర్పాటు కూడా తెచ్చారు. బ్యాంకులో డబ్బు వేసుకోగలిగినవాడికి ఆ మాత్రం వెసులుబాటు ఉన్నప్పుడు, కరెంటు ఆఫీసులో డిపాజిట్టు కట్టిన కూలీకి, సంఘంలో వాటా కట్టిన కార్మికుడికి అటువంటిదే ఎందుకు ఉండకూడదు?

మనం చేయవలసింది

ఈ పని ఊరు నుంచే మొదలుకావాలి. సంఘం కార్యకర్తలు వాడవాడకు తిరిగేటప్పుడు ఇళ్లలో పాత రశీదులు తీయించి చూడాలి. సహకార సంఘం వాటా పత్రం, కరెంటు డిపాజిట్టు రశీదు, పాత బిల్లు, ఏది దొరికినా సర్వీసు నంబరు, పేరు, తేదీ ఒక నోటు పుస్తకంలో ఎక్కించాలి. కాగితం అసలు ఎవరి చేతికీ ఇవ్వవద్దు. నకలు తీయించి, దరఖాస్తుకు జతచేసి, ముట్టినట్టు సంతకం, ముద్ర తీసుకోవాలి. పెనిమిటి పోయిన ఆడవాళ్ల విషయంలో మరణ ధ్రువపత్రం, వారసత్వ కాగితం ముందే సిద్ధం చేయించాలి. వలసపోయినవాళ్ల కొత్త చిరునామా, ఫోను నంబరు ఆఫీసు పుస్తకంలో రాయించాలి. మీటరు యజమాని పేరున ఉండి బిల్లు కూలీ కట్టే చోట మీటరు కూలీ పేరుకు మార్పించడానికి పట్టుబట్టాలి.

విద్యుత్తు సహకార సంఘాలున్న చోట మన సభ్యులు మహాసభకు పోవాలి. భోజనానికి కాదు, లెక్క అడగడానికి. హక్కుదారులు రాని వాటాలు, డిపాజిట్లు ఎన్ని ఉన్నాయి? ఏ పద్దులో చూపుతున్నారు? బైలాలో ఏం రాశారు? ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా పెట్టాలి, జవాబు సభ మినిట్సులో ఎక్కేదాకా కూర్చోవాలి.

ప్రభుత్వాన్ని, విద్యుత్తు కంపెనీలను, సంఘాల పాలకవర్గాలను మనం కోరవలసినవి ఇవి. కనెక్షను తీసేసిన రోజునే డిపాజిట్టు లెక్క కట్టి, అడగకుండానే తిరిగి ఇవ్వాలి. హక్కుదారు దొరకని సొమ్ము జాబితాను ఏటా పేర్లతో సహా పంచాయతీ ఆఫీసు గోడమీద తెలుగులో అంటించాలి, డప్పు వేయించాలి. ఆ సొమ్మును వేరే పద్దులో, వడ్డీతో సహా ఉంచాలి. ఎన్నేళ్లయినా హక్కు రద్దు కాకూడదు. వాడుకోవలసి వస్తే సభ్యుల తీర్మానంతో, ఆ ఊరి పేదల అవసరానికే వాడాలి. సంఘం కలిసిపోయినా మూతపడినా వాటాదారుల జాబితాతో పాటు ఆ బాకీ కూడా కొత్త సంస్థకు బదిలీ కావాలి.

ఇవి ఆకాశం నుంచి తెమ్మనే కోరికలు కావు. బిల్లు బాకీ పడ్డవాడి ఇల్లు వెతికే సిబ్బంది, బాకీ ఇవ్వవలసినవాడి ఇల్లు కూడా వెతకాలంటున్నాము. అంతే.

అవ్వ కాగితం సంగతి చెప్పలేదు కదూ. నకలు తీయించి దరఖాస్తు ఇచ్చాము. ముట్టినట్టు ముద్ర వేయించుకున్నాము. ఇంకా సొమ్ము రాలేదు. అయితే ఆ వాడలో ఇంటింటికీ తిరిగితే అటువంటి రశీదులు మరో పదకొండు బయటపడ్డాయి. వచ్చే సోమవారం పన్నెండుమందిమి కలిసి ఆఫీసుకు పోతున్నాము. ఎవరూ అడగలేదన్న మాట ఇక చెల్లదు.